చెప్పవచ్చు, చెయ్యి పెట్టకూడదు

నరసాపురం రేవులో పంటు ఎక్కి సగం గోదావరి దాటానో లేదో ఫోను మోగింది. "మాస్టారు పోయారయ్యా. నిద్రలోనే" అన్నారు అమ్మగారు, మా డ్రాయింగు మాస్టారి భార్య. పంటు వెనక్కి తిప్పమని నడిపేవాడితో గొడవ పెట్టుకున్నాను. మాస్టారు వింటే నవ్వేవారు, "గోదారితో కూడా తగువేనా?" అని.

బళ్లో మా గీత ఎంత వంకరపోయినా ఆయన పెన్సిలు మా కాగితాన్ని తాకేది కాదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "ఆ ముక్కు ఇంకోసారి చూడు" అనేవారంతే. మీరే దిద్దొచ్చుగా సార్ అంటే, "నీ బొమ్మలో నా చెయ్యెందుకురా?" అనేవారు.

రిటైరయ్యాక ఆయనొక బోర్డు ఆట తయారుచేశారు. పేరు మాయలంక. రోజూ చోటు మారే ఒక లంకలో పొద్దుని ఎవరో దాచేశారు. దాన్ని వెతికి తేవాలి. ఒక పడవ, గుప్పెడు గవ్వలు, దారిపొడవునా మొసలి ముఖాల రాకాసులు, సుడిగుండాలు. ఆడేది ఒక్కరే.

నాకు ఒళ్లు మండింది. అప్పటికి చేతికందిన కరపత్రమల్లా చదివి ఉన్నాను. "పెత్తందార్లు ఒంటరి వీరుల కథలు చెప్పి చెప్పి జనాన్ని నిద్రపుచ్చారండి. నలుగురూ ఆడేలా మార్చండి" అని గోల చేశాను.

"అలాగేనండి నాయకుడుగారూ. ముందు గవ్వలెయ్యండి" అన్నారు. నేను వేశాక, "నలుగురున్నవాళ్లకి చాలా ఆటలున్నాయిరా. పక్కన ఎవరూ లేనివాళ్ల కోసం చేశాను ఇది" అన్నారు.

వచ్చినవాళ్లు ఆడి చూస్తారని రాజమండ్రిలో ఒక పఠనమందిరంలో ఆటని బల్ల మీద పెట్టాం. కాలేజీ కుర్రాళ్లు "ఒక్కడే ఆడుకోడానికి ఫోనుంది కదండీ" అని వెళ్లిపోయారు. ఒకాయన అదే సుడిగుండంలో మళ్లీ మళ్లీ మునిగి, "ఇది ఆటా, శిక్షా?" అన్నాడు. నేను ఆయన మీదికి లేచాను. మాస్టారు చొక్కా పట్టి నన్ను కూర్చోబెట్టారు. "మునిగినాయన ఆమాత్రం అనడా? అననీ."

కొన్నాళ్లకి, అక్కణ్నుంచి ఆట ఇంటికి పట్టుకెళ్లిన ఒకావిడ మాస్టారింటికి వచ్చింది. లేసు అల్లుతుంది. పక్షవాతంతో మాట పోయిన తల్లిని కనిపెట్టుకుని ఇంట్లోనే ఉంటుంది.

"పనయ్యాక ఆడుకుంటున్నానండి. నేను తప్పు పాయలోకి పడవ తిప్పానంటే చాలండి, మా అమ్మ మంచం మీంచి ఎడం చెయ్యి ఊపేస్తాదండి. చేత్తోనే తిడతాదండి బాబూ!"

మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. ఆ సాయంత్రమే నియమాల కాగితం కింద ఒక వాక్యం చేర్చారు: పక్కనున్నవాళ్లు చెప్పవచ్చు, చెయ్యి పెట్టకూడదు. నలుగురి ఆట కావాలని నేను మళ్లీ అడగలేదు.

అమ్మగారు మాత్రం దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. "ఈయనుండగా నాకెందుకయ్యా ఆ ఒంటరాట?" అనేవారు.

పెద్దకర్మ అయ్యాక ఒకరోజు వెళ్లాను. వరండాలో మాయలంక పరిచి ఉంది. అమ్మగారు గవ్వలు గుప్పిట్లో ఆడిస్తున్నారు.

"ఇప్పుడు నాకూ అర్హత వచ్చిందిగా" అన్నారు.

పడవ కదిలింది. నేరుగా సుడిగుండం వైపు.

"అమ్మగారూ, అటు కాదండి! ఎడం పాయలోకి..."

"తెలుసులే. అందులో ఈయన ఏం దాచారో చూడొద్దూ?"

నా చెయ్యి అప్పటికే పడవ దాకా వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. రెండు చేతులూ వెనక కట్టుకుని ఆవిడ పక్కన నిలబడ్డాను. గుప్పిట తెరుచుకుంది. గవ్వలు ఇంకా దొర్లుతున్నాయి.