ఆఖరి బల్ల తలుపు

చర్చి వడ్రంగికి మతి తప్పిందనీ, పాత బల్ల ఒకటి కాజేయాలని చూస్తున్నాడనీ వీధిలో చెప్పుకుంటున్నారు. అది ఒట్టి మాట. ఆ బల్ల తలుపును దయ్యం తెరుస్తుందన్నదీ ఒట్టి మాటే. జరిగింది వేరు.

ఆ ప్రెస్బిటీరియన్ చర్చిలో బొమ్మలుండవు, రంగుటద్దాలుండవు. ఎదురుగా ఎత్తైన ప్రసంగ వేదిక, మూడు వైపులా ఇనప స్తంభాల మీద మేడ వరసలు. కింద ఒక్కో బల్ల చుట్టూ నడుమెత్తు చెక్కలు, ఒక తలుపు. వెనకటికి ఇంటిల్లిపాదీ లోపల కూర్చుని, తలుపు మూసి, లోపలివైపు గడియ పెట్టుకునేవారు. అంతకుముందు అక్కడుండేది చిన్న చర్చి. జనం పెరిగారని దాన్ని పడగొట్టి ఇది కట్టారు. పాత గోడ పునాది మాత్రం నేల కింద అలాగే ఉండిపోయింది.

మీసాలు రాని వయసులో తండ్రి వెంట మేడమెట్లు బాగుచేయడానికొచ్చిన వడ్రంగి ఇక తిరిగి వెళ్లలేదు. అతుకు కనబడకుండా చెక్క వేస్తాడని అక్కడే ఉంచేసుకున్నారు. వెనక గదిలోనే కాపురం పెట్టాడు. కూతురు అక్కడే పుట్టింది, భార్య అక్కడే పోయింది.

ఇప్పుడు సంఘ పెద్దలు బల్లలు తీసి కుర్చీలు వేయాలన్నారు. అన్నీ విప్పాడు, ఒక్కటి తప్ప. ఆదివారంలోగా అదీ తీయకపోతే పనీ గదీ రెండూ ఖాళీ చేయమన్నారు. ఆ గదిలోనే బట్టలు కుట్టుకు బతికే కూతురికి ముద్ద దిగలేదు.

"మీ నాన్న ఆ బల్లకేమైనా సంబంధాలు చూస్తున్నాడా ఏంటే?" అంది ఎదురింటి పిన్ని, కుళాయి దగ్గర. "దాని తలుపు దానంతటదే తెరుచుకుంటుందటగా."

కూతురు బిందె అక్కడే వదిలేసి తిన్నగా చర్చిలోకి నడిచింది. ఖాళీ హాల్లో ఆ ఒక్క బల్లే మిగిలి ఉంది. తలుపు మూసి చేయి తీసింది. కిర్రుమంటూ అది మెల్లగా తెరుచుకుంది. కొంగున ముడేసుకున్న దారపు రీలు తీసి నేల మీద పెట్టింది. తలుపు తెరుచుకున్న వైపే అదీ దొర్లిపోయింది. ఆమెకు నవ్వొచ్చింది.

వేదిక మెట్ల మీద తండ్రి ఉలి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"నేల వాలు నాన్నా. పునాది ఉన్నచోట ఎత్తు, పక్కన కుంగింది. దీనికా ఇంత గొడవ?"

"వాలని నాకు తెలీదా? నీకు నడక రాకముందు నుంచీ చూస్తున్నా."

"మరెందుకు విప్పవు? రేపు మనం రోడ్డున పడాలా? నాకైనా చెప్పు."

ఆయన బల్ల వంక చూసి, ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించాడు.

"తెరిచేది వాలేనమ్మా. పొద్దున నేను చర్చి తాళం తీసి వచ్చేసరికి మాత్రం అది మూసుంటుంది, లోపలి గడియతో సహా. వెనకటివాళ్లు లోపల కూర్చునుండగా ఎలా విప్పను?"