అడగకుండా ఇచ్చిన గోలీ

నిన్న మా మందుల షాపు ముందుకు ఒకామె రాగానే పౌడర్ వాసన గుప్పుమంది. ముఖానికి రాసుకున్నది కాదు, చీర కుచ్చిళ్లలోంచి వస్తున్నది. మూత్రం వాసన తెలియకుండా ఆడవాళ్లు పౌడర్ అలా చల్లుకుంటారని నాకు చెప్పింది డాక్టర్ వసుంధర మేడం. బోధన్‌లో ఆమె నడిపిన చిన్న ఆసుపత్రిలో, ఆమె గదిని ఆనుకుని ఉన్న మందుల షాపులో నాలుగేళ్లు పనిచేశాను.

అంతకుముందు నేను నిజామాబాద్‌లో ఒక మందుల షాపులో ఉండేదాన్ని. అక్కడ మూత్రం ఆపుకోలేనివాళ్లకు రాసిన చీటీలు రోజూ వచ్చేవి. బోధన్‌లో నెల గడిచినా ఒక్కటీ రాలేదు. "గిక్కడి ఆడోళ్లకు గా బాధ లేదా మేడం?" అని అడిగాను. ఆమె నవ్వలేదు. "బాధ అంతటా ఒక్కటే సుజాతా. టౌన్ల అడుగుతరు, రాస్తరు. గిక్కడ వీళ్లు సిగ్గుపడి మూత్రంల మంట అంటరు, డాక్టర్లు మంటకే రాస్తరు. అసలు సంగతి ఎవ్వలు అడుగుతలేరు" అంది.

ఆనాటి నుంచి ఆమె ప్రతి ఆడమనిషినీ అడిగేది. తలుపు దగ్గరగా వేసి, కుర్చీ ముందుకు జరుపుకుని, "దగ్గితే బట్ట తడుస్తదా అక్కా? బాత్రూం దాంక ఆగుతదా?" అనేది. రుద్రూర్ చెరకు చేలల్లో పనిచేసే ఒకామె బస్సెక్కడం మానేసి రెండేళ్లయిందని చెబుతూ ఏడ్చింది. మేడం కొందరికి వ్యాయామం నేర్పేది, కొందరికి గోలీలు రాసేది. మా షాపుకూ ఆ చీటీలు రావడం మొదలైంది. నాకు గర్వంగా ఉండేది.

గంగవ్వది మోస్రా ఊరు. డెబ్బై దాటిన మనిషి. బట్టలు తడుస్తాయని నీళ్లు తాగడమే తగ్గించేసింది. "ఇంకేమన్న గోలీలు మింగుతున్నవా అవ్వా?" అని మేడం అడగడం, "ఏం లేవు బిడ్డా" అని ఆమె అనడం నాకు వినిపించాయి. మేడం ఆమెకు మూత్రం ఆగడానికి గోలీ రాసింది. కానీ ఒంటి దురదకని ఆమె రెండు నెలలుగా నా దగ్గరే చీటీ లేకుండా గోలీలు తీసుకుపోతోంది. ఆ రెండు మందులూ కలిస్తే ముసలివాళ్లకు మతి తప్పే ప్రమాదం ఉందని నేను చదువుకున్నాను. ఆ రోజు జనం ఎక్కువగా ఉన్నారు. ఏమీ అడగకుండా ఇచ్చి పంపేశాను.

పది రోజులకు గంగవ్వ సొంత కొడుకునే గుర్తుపట్టలేక, వాకిట్లో పడి తుంటి విరగ్గొట్టుకుంది. నెల తిరగకుండానే మంచంలో పోయింది. కబురు విన్న రోజే మేడంకు దురద గోలీల సంగతి చెప్పేశాను. "నీకు ఎర్కనేనా?" అంది. "ఎర్కనే మేడం. యాదికి రాలే." మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మోస్రా వెళ్లింది. గంగవ్వ కొడుకు ముందు నిలబడి, "అవ్వకు గోలీ రాసింది నేను. గా గోలీతోనే ఆగమైంది. తప్పు నాదే" అంది. నా పేరు ఎత్తలేదు. నేనూ నోరు తెరవలేదు. అతను లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను ఏడుస్తుంటే మేడం, "ఏడ్సుడు గాదు. రేపటి సంది అడుగు" అంది.

మేడం గోలీతోనే గంగవ్వ పోయిందన్న మాట ఊళ్లకు పాకింది. ఆడవాళ్లు రావడం తగ్గి, ఏడాదికి ఆసుపత్రి మూతపడింది. మేడం ఇప్పుడు బతికి లేదు. నేను మళ్లీ నిజామాబాద్ చేరాను. బోధన్ వైపు నుంచి నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ల చీటీల్లో మళ్లీ మంట మందులే కనిపిస్తున్నాయి.

ఇంకేం మందులు వాడుతున్నారని అందరినీ అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. అయినా అడుగుతాను. మోస్రా ఇక్కడికి దూరమేమీ కాదు. ఆ ఇంటికి వెళ్లి, తప్పు మేడంది కాదు, నాది అని చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇంతవరకూ వెళ్లలేదు.