తలుపు మీద నాయన పేరు

పోలీసు చర్య జరిగిన ఏడు, కిర్రుచెప్పులు తొడుక్కుని వికారాబాద్‌కు పనిమీద పోయిన నాయన తిరిగి రాలేదు. శవం దొరకలేదు కాబట్టి అమ్మ గాజులు తియ్యలేదు. యాలాల్‌లో ఆ ఇంట్లో మేమిద్దరమే మిగిలాం.

కొన్నేళ్లకు పెదనాయన మా చేను తనదని దావా వేశాడు. ఒక మధ్యాహ్నం కోర్టు చప్రాసీ నాయన పేరున సమన్లు పట్టుకొచ్చాడు. అమ్మ చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు.

"ఆడోళ్లకు ఇయ్యొద్దమ్మా, కాయిదా ఒప్పది. ఇంట్ల మొగోడు తీస్కోవాలె."

"మొగోడు ఉంటే నీతోని నాకేం పని?" అంది అమ్మ.

ఆయన ఇద్దరు సాక్షులను పిలిచి, కాగితాన్ని గంజితో మా తలుపుకు అంటించి పోయాడు. అలా అంటిస్తే మనిషికి అందినట్టేనట! నాకు ఒళ్లు మండింది.

అమ్మ నాచేత చదివించుకుంది. ఫలానా రోజు వికారాబాద్ కోర్టులో హాజరు కావాలి, రాకపోతే నువ్వు లేకుండానే తీర్పు చెబుతాం అని ఉంది. అమ్మ ముఖం వెలిగిపోయింది.

"సర్కారోళ్లు ఊకెనే పిలుస్తరా బిడ్డా? ఏడున్నడో ఎరుకైతేనే గద పిలిచిన్రు."

ఆనాటి నుంచి తలుపుకు గడియ పెట్టనివ్వలేదు. పొద్దుగూకేసరికి గడప పక్కన కాళ్లు కడుక్కునేందుకు చెంబెడు నీళ్లు పెట్టేది. నేను నవ్వుకునేదాన్ని. ఒక సాయంత్రం మాత్రం వాకిట్లో కిర్రుచెప్పుల చప్పుడు నాకూ వినిపించింది. బయటికొచ్చి చూస్తే ఎవరూ లేరు. చెంబు పక్కన నేల తడిగా ఉంది. ఏ కుక్కో తాగి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వాయిదా నాడు తాండూరులో రైలెక్కి పోయాం. కోర్టు వరండాలో మా తరపు వకీలు సాబ్ సంగతి విడమరిచి చెప్పాడు.

"ఆయన రాకుంటే చేను పోతది. సచ్చిపోయిండని నువ్వు చెప్తే దావా మీ ఇద్దరి మీదికి మారుతది. అప్పుడు కొట్లాడొచ్చు."

అమ్మ గాజులు సవరించుకుని లోపలికి నడిచింది.

లోపల జవాను నాయన పేరు, తాత పేరు కలిపి మూడుసార్లు కేకేశాడు. ప్రతి కేకకూ అమ్మ గుమ్మం వైపు చూసింది. మూడో కేకకు బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చింది. నా పక్కనున్న ఆ ఖాళీని చూడాలంటే నాకు భయమేసింది. మనిషి బతికున్నాడా అని జడ్జి అడిగాడు. ఆ చేను తప్ప మాకు వేరే తిండి లేదు.

"లేడు," అంది అమ్మ.

కొన్నాళ్లకు చప్రాసీ మళ్లీ వచ్చాడు.

"గీసారి మీ పేర్లే ఉన్నయమ్మా, తీస్కోన్రి."

అమ్మ వేలిముద్ర వేసి తీసుకుంది. తలుపు మీది పాత కాగితాన్ని నీళ్లతో తడిపి, చినగకుండా ఊడదీసింది. ఆ సాయంత్రం తనే గడియ పెట్టింది.

దీపం వెలిగించే వేళకు వాకిట్లో మళ్లీ కిర్రుచెప్పులు. ఈసారి గడప దాకా వచ్చి ఆగాయి. నేను గడియ మీద చెయ్యి వేసేలోపే అమ్మ నా రెక్క పట్టుకుంది. ఆ చేతికి గాజులు లేవు.

"తియ్యకు బిడ్డా," అంది. "లేడని నేనే చెప్పొచ్చిన."