చిక్కిన మనిషికి పరామర్శ

మా కోనసీమలో మనిషి లావెక్కితే ఎవరూ పట్టించుకోరు. చిక్కితే మాత్రం పరామర్శకు వస్తారు. అమలాపురంలో బరువు తగ్గడానికి సలహాలిస్తూ ఇన్నేళ్లుగా కూర్చున్నాను. నా పనికి అడ్డం పడింది కాజాలూ పూతరేకులూ కాదు, ఈ పరామర్శలే.

కొత్తపేట వైపు నుంచి ఒకావిడను భర్త తీసుకొచ్చారు. ఆవిడకు బొడ్డు దగ్గర హెర్నియా. దగ్గినా, బిందె ఎత్తినా ప్రాణం పోయేంత నొప్పి. దానికి తోడు షుగర్. బరువు తగ్గితే తప్ప ఆపరేషన్ చెయ్యనని సర్జన్‌గారు తేల్చి చెప్పేశారు. రోజూ ఏం తింటారని ఆవిడను అడిగితే జవాబు ఆయన చెప్పారు.

"మా ఆవిడది పిట్ట తిండండీ."

ఆవిడ "ఆయ్" అని తలూపారు.

ఆయన్ను మందుల షాపుకు పంపాక అసలు సంగతి తెలిసింది. ఆ ఇంట్లో అన్నం గిన్నె ఖాళీ కాకూడదట. వేళకాని వేళ ఎవరైనా వస్తే లేదనకూడదని అత్తగారు పెట్టిన ఆచారం. వచ్చేవాళ్లు ఎప్పుడో గాని రారు. అన్నం పారబొయ్యడం పాపం గనక, అందరూ తిని లేచాక మిగిలిందంతా వంటింట్లో కూర్చుని ఈవిడ తినాలి. భర్త కంటబడేది అంతకుముందు పెట్టుకున్న చిన్న కంచమే. రాని చుట్టాల భోజనమంతా ఒక్క మనిషి కడుపులో పడేసి, పైగా పిట్ట తిండి అంటారా? నాకు ఒళ్లు మండింది.

అత్తగారితో తగువు పెట్టుకోవద్దని, మిగిలిన అన్నం గేదె కుడితిలో కలిపెయ్యమని చెప్పాను. పొద్దున్నే కాలవగట్టు మీద నడవమన్నాను. అన్నం తగ్గించి కూర ఎక్కువ తినమన్నాను. ఆవిడ ఒక్కటీ తప్పలేదు. నెలలు గడిచేకొద్దీ ఒళ్లు తగ్గింది, షుగర్ దారికొచ్చింది. వచ్చే నెలలో ఆపరేషన్ పెట్టుకోవచ్చని సర్జన్‌గారూ అన్నారు.

సరిగ్గా అప్పుడే భర్త ఆవిడను వెంటబెట్టుకుని వచ్చి, ఇవన్నీ ఇక ఆపించెయ్యమన్నారు. ముమ్మిడివరంలో ఏదో గృహప్రవేశానికి వెళ్తే, చూసిన ప్రతివాళ్లూ ఒంట్లో ఏం జబ్బని ఆవిడను అడిగారట. ఒక పెద్దావిడ ఆయన్ను పక్కకు పిలిచి, పెళ్లానికి తిండి పెట్టడం లేదా అని నిలదీసిందట.

"నలుగుర్లో తలెత్తుకోలేకపోయేనండీ. వచ్చే నెల మా అన్నయ్యగారమ్మాయి పెళ్లి. అప్పటికి మనిషి కొంచెం తేరుకోవాలండీ. ఆపరేషన్‌దేముందండీ, తర్వాతైనా చేయించుకోవచ్చు."

తేరుకోవాలట! జబ్బు తగ్గుతున్న మనిషిని మళ్లీ జబ్బులోకి నెట్టడానికి ఎంత చక్కటి పేరు. ఆవిడ నొప్పితో మెలికలు తిరిగిన రోజుల్లో ఈ చుట్టాల్లో ఒక్కరికైనా జబ్బు కనబడలేదు. లావుగా ఉన్న పెళ్లాం ఆయన సంపాదనకు బోర్డు కాబోలు. ఆ మాటే ఆయన మొహాన అనేశాను. ఆయన మొహం ముడుచుకుని లేచి, ఆవిడనూ లెమ్మన్నారు.

ఆవిడ లేవలేదు. ఆయన ముందు "ఆయ్" తప్ప ఏనాడూ నోరు విప్పని మనిషి, నావైపు తిరిగారు.

"పెళ్లి ఏ రోజో ఆ రోజుకే ఆపరేషన్ పెట్టించండి, మేడమ్‌గారూ. ఆ పెళ్లికి నేను వెళ్లనండి."

ఆయన మళ్లీ కుర్చీలో కూర్చుండిపోయారు. నేను సర్జన్‌గారికి ఫోన్ కలుపుతూ, పెళ్లి ఏ తారీఖని ఆయన్నే అడిగాను.