రద్దయిన విమానం, అల్వాల్ ఆదివారాలు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు మంచి ఊపుమీదున్న రోజులవి. మా కంపెనీ నన్ను ప్రాజెక్టు పనిమీద జర్మనీ పంపింది. పని ముగించుకుని తిరిగొచ్చే రోజు, విమానాశ్రయంలో వరుసలో నిలబడ్డాక, మా విమానం రద్దయిందని మైకులో చెప్పారు. ఎందుకో చెప్పలేదు.

చుట్టూ జనం కౌంటరు మీదికి ఎగబడుతున్నారు. నా ముందున్న పెద్దావిడ మాత్రం గోడకి అంటించిన నోటీసు చదువుతూ నిలబడ్డారు. నేత చీర, దానిమీద స్వెటరు, మెడలో చిన్న శిలువ. ప్రాణం లేచొచ్చింది నాకు.

"మీది హైదరాబాదేనాండీ?" అన్నాను.

"అల్వాల్," అన్నారావిడ, హైదరాబాదు వేరే ఊరన్నట్టు.

సికింద్రాబాదు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచరు. చిన్నప్పట్నించీ ఉత్తరాలు రాసుకుంటున్న కలం స్నేహితురాలిని జీవితంలో మొదటిసారి చూసి తిరిగి వెళ్తున్నారట.

"ఇది చదివావామ్మా? విమానం ఇలా రద్దు చేస్తే భోజనం, బస ఇవ్వాలట. అవి కాక పరిహారం కూడా ఇవ్వాలట."

"అలాగే రాస్తారు మేడమ్. ఇస్తారా?"

"అడిగితే కదా తెలిసేది."

అడిగారు. కౌంటర్లో అమ్మాయి మా హక్కుల కాగితం, హోటల్ చీటీ తీసి ఇచ్చింది. మర్నాడు సాయంత్రం దాకా మాకు వేరే విమానం లేదు. పొద్దున్నే ఎండ విరగకాసింది. హోటల్ ముందు పచ్చికలో కూచుని, నా దగ్గర మిగిలిన జంతికలు తింటూ, ఫోటోలు తీసుకుంటూ గడిపాం. పరాయి దేశంలో చిక్కుబడ్డామన్న బెంగ నాకు మధ్యాహ్నానికే పోయింది.

ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఇంటికి చేరాక మావారికి ఇదంతా, పరిహారం అడుగుతూ విమాన సంస్థకి ఉత్తరం రాయమని మేడమ్ చెప్పిన సంగతీ చెప్పాను. ఆయనదీ మా విజయనగరం వైపే. "వాళ్ళిచ్చిన రూములో పడుక్కుని, వాళ్ళు పెట్టింది తిని, మళ్ళీ డబ్బులడుగుతావేటి?" అని నవ్వారు.

నాకూ కాస్త మొహమాటంగానే ఉండేది. కానీ ఆదివారం మేడమ్ ఫోన్ చేశారు. "చర్చి నుంచి వచ్చేశాను. నువ్వు రాసింది పట్టుకురా."

వెళ్ళాను. నా ఉత్తరం ఒకసారి చదివి, 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' అన్న మాట కొట్టేశారు. "ఏం చెయ్యాలో మనమే చెప్పాలమ్మా, వాళ్ళని ఊహించుకోమంటే ఎలా?" తరవాత నేను కోపంగా రాసిన పేరా మొత్తం తీసేశారు. "కోపం చూపిస్తే వాళ్ళు కోపానికి జవాబిస్తారు. మనకి కావలసింది ప్రశ్నకి జవాబు."

మొదటి జవాబులో క్షమాపణ చెప్పి, మళ్ళీ తమ విమానమెక్కితే టికెట్లో తగ్గింపు ఇస్తామన్నారు. మేడమ్ అక్కర్లేదని రాయించారు. రెండో జవాబులో, ఆ రోజూ మర్నాడూ వాతావరణం బాగోలేదు, కాబట్టి పరిహారం వర్తించదు అన్నారు. నేను నీరుగారిపోయాను. మేడమ్ మాత్రం కళ్ళజోడు సవరించుకుని, "పచ్చికలో ఫోటోలున్నాయి కదా?" అన్నారు.

ఉన్నాయి. మేడమ్ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్న ఫోటో ఒకటి. ఆకాశంలో వేరే విమానం సుఖంగా ఎగిరిపోతున్న ఫోటో ఇంకొకటి. రెంటినీ జతచేసి, ఆ దేశంలో ఇలాంటి ఫిర్యాదులు చూసే ప్రభుత్వ కార్యాలయానికి కూడా పంపాం.

చాలా నెలలు ఏ కబురూ లేదు. అయినా ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. ఉత్తరం పని లేకపోతే ఆవిడ చేసిన కోడికూర తినేదాన్ని, నా ఆఫీసు మెయిల్స్ చూపించేదాన్ని. ఆవిడ వాటినీ కత్తిరించేవారు. మా మేనేజరు ఒకసారి, ఈమధ్య మీరు రాసింది ఒక్కసారి చదివితే అర్థమవుతోందన్నాడు. ఆ మాట మేడమ్‌కి చెబితే కూర ఇంకో గరిటె వేశారు.

చివరికి ఇద్దరికీ చెరో చెక్కు వచ్చింది. నేను సైనిక్‌పురిలో మా బ్యాంకుకి తీసుకెళ్ళాను. కౌంటర్లో ఆయన చెక్కుని తిరగేసి చూశాడు.

"ఏందమ్మా ఇది, యూరోలల్ల ఉన్నది? ఎవరిచ్చిన్రు?"

"విమానం రద్దు చేసినందుకు, వాళ్ళే."

"అట్ల సుత ఇస్తరా?" అని పక్కాయన్ని పిలిచి చూపించాడు. "జెర టైం పడ్తది. పరేషాన్ కాకండి."

పరేషాన్ ఏమీ లేదు నాకు. ఆ సాయంత్రం మావారు చెక్కు నకలు పట్టుకుని చాలాసేపు చూశారు. తరవాత, మా కాలనీ సంఘం నీళ్ళ కోసం రాసిన అర్జీ ఒకటి తెచ్చి, "మీ మేడమ్ గారికి ఇది చూపిస్తే ఏమైనా అనుకుంటారేటి?" అన్నారు.

ఆవిడ ఏమీ అనుకోలేదు. సగం కొట్టేశారంతే.

ఆ డబ్బుతో మేడమ్ ఇంటికి ఇన్వర్టరు పెట్టించుకున్నారు. ఆ వేసవిలో అల్వాల్‌లో మధ్యాహ్నాలు కరెంటు పోయేది. వీధి వీధంతా విసనకర్రలు ఊపుకుంటూ అరుగుల మీదికి వచ్చేవాళ్ళు. మేడమ్, మావారు, నేను ముగ్గురం ఫ్యాను కింద కూచుని మామిడిపళ్ళు కోసుకునేవాళ్ళం. అరుగు మీద ఉన్న పక్కింటావిణ్ణి కూడా మేడమ్ లోపలికి పిలిచేవారు.