మూడో డబ్బా

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక జాబితా తయారుచేసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. అన్నీ జపాను వాళ్ల బొమ్మల సినిమాలే. "ఏది ముందు చూద్దాం అమ్మమ్మా, నువ్వే చెప్పు" అంది. నీ ఇష్టం అన్నాను. రెండోసారి అడిగితే కసిరాను కూడా. పాపం, పిల్ల బిక్కమొహం వేసింది. ఏ సినిమా ముందో నేను జీవితంలో ఒక్కసారే చెప్పాను, పదకొండేళ్ల వయసులో. మళ్లీ చెప్పే ధైర్యం నాకు లేదు.

అరవైల చివర సంగతి. మేం విజయనగరంలో ఉండేవాళ్లం. కొండల్లో కొత్తగా వేసిన రైలు మార్గం తాలూకు ఆఫీసులో నాన్న మ్యాపులకు నకళ్లు గీసేవారు. ఆ దారిన ఇనుప రాయి జపాను వెళ్తుందని, అందుకే ఆ దేశపు ఇంజనీర్లు వస్తూ పోతూ ఉంటారని చెప్పేవారు. వాళ్లలో ఒకాయన స్వదేశం వెళ్లిపోతూ, పిల్లలకు చూపించమని మూడు రేకు డబ్బాలు ఇచ్చి వెళ్లాడు. మూడింట్లో మూడు బొమ్మల సినిమాలు. మూతల మీద రాత మాకు అర్థం కాదు గానీ, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ అంటించి ఉంది. ఒకదాని మీద గుర్రాలెక్కి కత్తులు దూసినవాళ్లు, ఒకదాని మీద పడవను మింగబోతున్న తిమింగలం, ఇంకోదాని మీద గడ్డి టోపీ పెట్టుకున్న నక్కపిల్ల.

హైస్కూల్లో ప్రొజెక్టరు ఉండేది. మంగళ, బుధ, గురువారాల్లో సాయంత్రం రోజుకొకటి వేస్తామన్నారు. నాన్న డబ్బాలూ సుద్దముక్కా నా ముందు పెట్టి, "పెద్దదానివి, ఏది ముందో నువ్వే అంకెలెయ్" అన్నారు.

చెల్లికి ఏడేళ్లు. నక్కపిల్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని వదల్లేదు. "అక్కా, దీన్నే ముందు ఎయ్యమని సెప్పవే" అంది. నేను దాని చేతుల్లోంచి లాక్కుని మూడు అంకె వేశాను.

ఎందుకు వేశానో నాకు బాగా తెలుసు. అమ్మకు అక్క, మా దొడ్డమ్మ, కోటబొమ్మాళి నుంచి వచ్చి ఉంది. ఆవిడకు పిల్లల్లేరు. చెల్లిని పెంచుకోవడానికి తీసుకెళ్తోంది. శుక్రవారం పొద్దున బండికి ప్రయాణం. చెల్లికి మాత్రం "నాలుగు రోజులుండి వద్దువు గాని" అని చెప్పారు. దొడ్డమ్మ దానికి పట్టు పరికిణీ తెచ్చింది, వెండి పట్టీలు తెచ్చింది. నాకు రిబ్బన్లు తెచ్చింది. నాకు కడుపు మండిపోయింది. అన్నీ దానికే, ఒక్క సినిమాకైనా ఆగనీ అనుకున్నాను. శుక్రవారానికి ముందు గురువారం వస్తుంది కదా, చూసే వెళ్తుంది కదా అని సరిచూసుకున్నాను కూడా. మరీ అంత దుర్మార్గురాలిని కాను.

మొదటి సాయంత్రం గుర్రాలు. తెర మీద మాటలు ఒక్కటీ తెలియక పిల్లలందరం తలో కథ అల్లుకున్నాం. చెల్లి నా భుజం మీద వాలి నిద్రపోయింది. మర్నాడు బడికి వెళ్తుంటే చెయ్యి పట్టుకుని, "ఈయేళ నక్కపిల్లది ఎయ్యమని నాన్నకి సెప్పవా" అంది. "రేపు వస్తాది కదే, ఒక్కరోజు ఆగనేవేటి?" అన్నాను. పిచ్చిది, ఆగింది.

తిమింగలం చూసి ఇంటికొచ్చేసరికి అమ్మ చెల్లి బట్టలు పెట్టెలో సర్దుతోంది. నాయనమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని కోప్పడుతోంది. "సుక్కురోరం పూట ఆడపిల్లని గడప దాటిస్తారేటే? ఇన్నాళ్లూ ఎవులికీ గుర్తు నేదా? రేపు మజ్జేన్నం బండికే ఎల్లండి."

శుక్రవారం ఇంటి ఆడపిల్లను పంపితే లక్ష్మి వెళ్లిపోతుందని మా ఇళ్లలో పట్టింపు. నాకూ తెలుసు. డబ్బాల మీద అంకెలు వేసేటప్పుడు తట్టలేదు, అంతే.

"శనివారం ఎల్లొచ్చు కదా దొడ్డమ్మా" అన్నాను. "వరికోతలమ్మా, మీ పెదనాన్న ఒక్కడే ఉన్నాడు. ఆగనేను" అంది. పోనీ పొద్దున్నే మూడో సినిమా వేయించమని నాన్న వెంటపడ్డాను. పగటి వెలుగులో తెర మీద బొమ్మ కనపడదన్నారు.

గురువారం మధ్యాహ్నం చెల్లి పట్టు పరికిణీ కట్టుకుని రైలు కిటికీ దగ్గర కూర్చుంది. ఏడవలేదు. నాలుగు రోజులకే కదా వెళ్తోంది. "అక్కా, నక్కపిల్ల ఏటి సేసిందో సూసి సెప్పాల" అంది. సరే అన్నాను. బండి కదిలాక అమ్మ ప్లాట్‌ఫారం మీదే కూలబడింది.

ఆ సాయంత్రం నేను సినిమాకి వెళ్లాను. మానేసి ఉంటే బాగుండేది. నక్కపిల్ల దారి తప్పి ఒక ముసలమ్మ ఇంటికి చేరుతుంది. ముసలమ్మ దానికి గడ్డి టోపీ అల్లిపెట్టి ముద్దుగా పెంచుకుంటుంది. ఒక మంచు రోజున తల్లి వెతుక్కుంటూ వస్తుంది. నక్కపిల్ల టోపీ తీసి గుమ్మంలో పెట్టి తల్లి వెంట ఇంటికి వెళ్లిపోతుంది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపు ఆగలేదు.

వేసవి సెలవుల్లో దాన్ని చూడ్డానికి కోటబొమ్మాళి వెళ్లాం. అప్పటికే అమ్మను పిన్ని అని పిలవడం నేర్పేశారు. అది పిలిచింది, అమ్మ పలికింది. పలికి, పెరట్లోకి వెళ్లిపోయింది. చెల్లి నన్ను పక్కకు లాగి, "నక్కపిల్ల ఏటి సేసిందే?" అని అడిగింది. ఆ కథ దానికెలా చెప్పను?

"ఆవేళ మిషను పాడైపోయిందే. సినిమా ఆడనేదు" అన్నాను.

తర్వాత చాలా ఏళ్లు అది ఆ ఊసే ఎత్తలేదు. మరిచిపోయిందనుకున్నాను. అమ్మ పోయినప్పుడు వచ్చింది. పదకొండో రోజు భోజనాలయ్యాక ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. తల నెరిసిన మనిషి, ఉన్నట్టుండి అడిగింది. "అక్కా, ఆ మూడో డబ్బా నిజంగానే ఆడనేదా?"

"ఆడనేదే" అన్నాను.

"అయితే సరే. మీరందరూ సూసేసారు, నానొక్కదాన్నే సూడనేదని ఇన్నాళ్లూ అనుకున్నాను" అంది. మనసు తేలికపడ్డట్టు కొంగుతో మొహం తుడుచుకుంది.

చెల్లి పోయి రెండేళ్లయింది. నక్కపిల్ల చివరికి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయిందని దానికి నేను చెప్పనేలేదు.