నూనె పడకూడని కీలు

పండ్ల మార్కెట్టు గడ్డిఅన్నారం నుంచి తరలిపోయిన మరుసటి సంవత్సరం, శ్రావణంలో ఒక బుధవారం, పగలు పదకొండుంబావు. దిల్‌సుఖ్‌నగర్‌లో కుట్టుమిషన్ల మెకానిక్‌గా అది నాకు ముప్పై ఎనిమిదో ఏడు. అక్షరాలు నలభై దాటాక రాత్రి బడిలో నేర్చుకున్నాను. అంతకుముందు నా పద్ధతి ఒకటే. మిషన్ విప్పితే, ముక్కలను విప్పిన వరసలోనే తెల్లగుడ్డ మీద ఎడమ నుంచి కుడికి పేర్చాలి. బిగించేటప్పుడు కుడి నుంచి మొదలుపెట్టాలి. చదువు వచ్చాక కూడా దాన్ని మార్చలేదు.

సువర్ణ వచ్చి బల్ల మీద తువ్వాలు విప్పింది. ఆమెది సైదాబాద్. ఎల్బీనగర్‌లో ప్రసాద్ గారనే బ్యాంకు ఉద్యోగి ఇంట్లో ఆరేళ్లుగా పని చేస్తోంది. ఆమె మిషన్ బాగు చేసేది నేనే. తువ్వాలులో ఉన్నది జానెడు ఎర్ర రోబో. మడిస్తే రేసు కారవుతుందట. అప్పటికి అది మనిషీ కాదు, కారూ కాదు. ఒక కాలు చక్రమై పక్కకు తిరిగింది, తల ఛాతీలో సగం దిగి ఇరుక్కుంది.

“దుమ్ము తుడుస్తుంటే కాలు ముడుసుకుంది పెద్దయ్యా. నిలబెడదామని ఒత్తిన, ఇంకింత ముడుసుకుంది. ఆ అద్దాల బీరువ ముట్టొద్దని సారు చేరినప్పుడే చెప్పిండు. గిట్ల చూస్తే రేపటి సంది రావద్దంటడు.”

టైలర్ యాదగిరి తన మిషన్ కోసం పొద్దుటి నుంచి కూర్చుని ఉన్నాడు. “పండుగ ముంగట నా మిషన్ ఇడిసిపెట్టి బొమ్మలాటనా?” అన్నాడు.

“నీ జాకెట్లు ఏడికి పోవన్నా. నా నౌకరి పోతది,” అంది సువర్ణ.

బొమ్మ డబ్బాలోని కాగితం కూడా తెచ్చింది. రాత ఏ భాషో మాకెవరికీ తెలియలేదు. బొమ్మలు, అంకెలు ఉన్నాయి, నాకు అవి చాలు. మనిషిని కారు చేసే వరస అది. చివరి అంకె నుంచి వెనక్కి వస్తే మనిషవుతాడు.

తుంటి దగ్గర కీలు బిగిసి ఉంది. అక్కడ నా చెయ్యి నన్ను అడగలేదు. నూనె డబ్బా తీసి ఒక చుక్క వేసింది. కీలు తేలిగ్గా తిరిగింది. తల పైకి లాగి, కాళ్లు దించి, రోబోను బల్ల మీద నిలబెట్టాను. కాలు జారి పడిపోయింది. మళ్లీ నిలబెడితే మళ్లీ పడింది. కుట్టుమిషన్‌లో నూనె లేకపోతే కీలు పట్టేస్తుంది. ఈ బొమ్మలో కీలు పట్టి ఉంటేనే అది నిలబడుతుంది. తప్పు నాదే.

సువర్ణ ముఖం చూసి యాదగిరి జోకులు మానేశాడు. మిషన్ తోలు పట్టా మీద నూనె పడి జారితే మేం చేసే పని ఒకటుంది. పొడి గుడ్డతో తుడిచి, సుద్ద పొడి పట్టించడం. యాదగిరి జేబులోంచి సుద్ద తీసి విరిచి ఇచ్చాడు. నూనె తుడిచి, పొడి కీలులోకి దించి, పదిసార్లు తిప్పాను. ఈసారి నిలబడింది. సువర్ణ దాన్ని తువ్వాలులో చుట్టబోయింది.

చప్పుడు చేయకుండా బీరువాలో పెట్టేస్తానంది. నేను ఒప్పుకోలేదు. నూనె ఆ ప్లాస్టిక్‌ను ఎన్నాళ్లకు ఏం చేస్తుందో నాకు తెలియదు. సారుకు ఫోన్ చేయించాను. ఆయన మెట్రో ఎక్కి ముప్పావుగంటలో వచ్చారు, మెడలో ఆఫీసు కార్డుతోనే.

“బీరువా తియ్యొద్దని చెప్పానా లేదా?” అన్నారు. నూనె వేసింది నేనని, పొరపాటు నాదని చెప్పాను. ఆయన బొమ్మను తిప్పి చూశారు, కాలు కదిపి చూశారు.

“ఏవండీ, దీన్ని మళ్లీ నిలబెట్టింది మీరేనా? కొన్న కొత్తలో ఒక్కసారి కారు చేశాను. మళ్లీ మనిషిని చేసేసరికి నాలుగు రోజులు పట్టింది. అప్పట్నుంచి భయపడి ముట్టుకోలేదండి.” పక్క స్టూలు లాక్కుని కూర్చుని, ఎలాగో చూపించమన్నారు. రెండుసార్లు చూపించాను. వెళుతూ, “రేపు పొద్దున్నే వచ్చెయ్ సువర్ణా. ఆ బీరువా మాత్రం నేనే తుడుచుకుంటాను,” అన్నారు.

“కారు మనిషైంది గద. జర నా మిషన్‌ను గూడ మిషన్ చెయ్యి,” అన్నాడు యాదగిరి.

ఏ కీలైనా తిరగడానికి పెట్టిందా, ఆగడానికి పెట్టిందా అన్నది చూశాకే నూనె ముట్టాలి. ఆ రోజు నుంచి పని మానేసే దాకా నూనె డబ్బాను బల్ల మీద ఉంచలేదు, వెనక అరలో పెట్టాను. లేచి వెళ్లి తెచ్చుకునే లోపు ఆలోచన వస్తుంది.

ఆ బుధవారం దుకాణంలో ఉన్నది నలుగురం: ఎల్బీనగర్ ప్రసాద్ గారు, సైదాబాద్ సువర్ణ, టైలర్ యాదగిరి, మెకానిక్ నర్సింహ అనే నేను.